పసుపుకి సాక్ష్యం కావాలిట!

కూర తరుగుతుంటే వేలు తెగిందనుకోండి, మీరేం చేస్తారు? పోపుల డబ్బాలోంచి చిటికెడు పసుపు తీసి అద్దేస్తారు. ఈ వైద్యం ఎవరు కనిపెట్టారని అడిగితే మనకి నవ్వొస్తుంది. కానీ 1995లో అమెరికా పేటెంట్ ఆఫీసు, పసుపుతో గాయం మాన్పే పద్ధతి మీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ ఇచ్చేసింది!

పేటెంట్ అంటే కొత్తగా కనిపెట్టినవారికి దాని మీద కొన్నేళ్లపాటు ఉండే హక్కు. అంతకుముందే తెలిసిన సంగతైతే ఆ హక్కు చెల్లదు. మరి మన అమ్మమ్మల కాలం నుంచీ వాడుతున్నాం కదా, సరిపోదా అంటారేమో. సరిపోదుట! అప్పటి అమెరికా చట్టం ప్రకారం వేరే దేశంలో జనం వాడుతున్నారంటే లెక్కలోకి రాదు. అచ్చులో ఉన్న ఆధారం చూపించాలి.

డాక్టర్ మషేల్కర్ అధిపతిగా ఉన్న మన సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ ఊరుకోలేదు. సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాలు తిరగేసి 32 ఆధారాలు పోగుచేసి, 1996లో పునఃపరిశీలన కోరింది. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 1953లో అచ్చయిన వ్యాసం కూడా వాటిలో ఉంది. 1997లో ఆ పేటెంట్ చెల్లదని తేలింది.

ఆ తర్వాత 2001లో మన ప్రభుత్వం సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టింది. ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాల్లోని మందుల వివరాలు అందులోకి ఎక్కాయి. 2013 నుంచి అమెరికా చట్టం కూడా మారి, ఇతర దేశాల్లోని బహిరంగ వాడుకని లెక్కలోకి తీసుకుంటోంది. సంతోషమే. కానీ ఏ గ్రంథంలోనూ లేని మన ఇంటి సంగతుల మాటేమిటి?

మా పెద్దమ్మ బాలింతలకు పెట్టే కాయం చేసేది. ఊళ్లో ఎవరికి పురుడొచ్చినా కబురు ఆవిడకే. "కొలతెంత పెద్దమ్మా?" అంటే గుప్పిట చూపించేది. ఆవిడ పోయాక ఆ కాయం మళ్లీ ఎవరికీ కుదరలేదు.

ఇప్పుడు నేను అమ్మ దగ్గర కూర్చుని ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. ఏ దినుసు, ఎంత, ఎవరు నేర్పారు, రాసిన తేదీ, అన్నీ. నా పుస్తకం ఏ పేటెంటునీ ఆపకపోవచ్చు. మా అమ్మాయి పురిటికి మాత్రం పనికొస్తుంది.

మీ ఇంట్లోనూ గుప్పిటతో కొలిచే పెద్దావిడ ఉండే ఉంటారు. ఈ ఆదివారం తీరిక చేసుకుని, ఆవిడ గుప్పెడు ఎన్ని గ్రాములో తూచి రాసుకోండి. ఏమంటారు?