కచేరీలో మన మాట

మధురలో పుట్టి పెరిగిన నాకు కోయంబత్తూరు అంటే అక్కగారి ఊరు. ఆమెను అక్కడికిచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఏటా సంక్రాంతికి ఒక బుట్టెడు మధుర మల్లెలు తీసుకుని రైలెక్కడం మా ఇంటి మర్యాద. దిండిగల్లు, పళని, ఉడుమలపేట, పొళ్ళాచి మీదుగా సాగే ఆ ప్రయాణంలో పెట్టెలో ఏదో ఒక మూల తెలుగు వినబడుతూనే ఉంటుంది. అది బెజవాడ తెలుగూ కాదు, హైదరాబాదు తెలుగూ కాదు. నాయకరాజుల నాడు మన పెద్దలు మూటగట్టుకుని తెచ్చుకున్న తెలుగు, నడుమ నడుమ అరవం కలిసినది. మన పాఠకులకు దాన్ని గూర్చి వేరే చెప్పనక్కరలేదు.

సంక్రాంతి అక్కడ సంగీతాల పండుగ కూడాను. చెన్నపట్నంలో మార్గళి కచేరీలు ముగిసీ ముగియకముందే విద్వాంసులు కోయంబత్తూరు దారి పడతారు. ఆర్.ఎస్. పురంలోని భారతీయ విద్యాభవన్‌వారు పొంగలుకు సంగీతోత్సవం చేస్తారు. కిక్కాని బడి హాలు ఉంది, మణి స్కూలులోని నానీ కళా అరంగం ఉంది. శ్రీరామనవమి వచ్చిందంటే రామనగరు కోదండరామస్వామి గుడిలో పాట వినబడుతుంది. సినిమా పాటల పెద్ద సభలకు కొడీసియా మైదానం సరేసరి.

మిల్లుల ఊరికి సంగీతమేమిటని అనుకునేవారుంటారు. సామికన్ను విన్సెంటుగారు 1914లో కట్టిన వెరైటీ హాలు పేరు ఇప్పటికీ ఒక వీధికి నిలిచి ఉంది. తరువాత సెంట్రల్ స్టూడియో, శ్రీరాములు నాయుడుగారి పక్షిరాజా స్టూడియో వెలిశాయి. 1954లో రామారావుగారి ‘అగ్గిరాముడు’ పక్షిరాజావారి చిత్రమే, సంగీతం ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడుగారిది. మా మధుర సౌరాష్ట్రుల బిడ్డ టి.ఎం. సౌందరరాజన్ మొట్టమొదట సినిమాకు పాడింది కూడా కోయంబత్తూరులో ఆ నాయుడుగారి దగ్గరే, 1950లో వచ్చిన ‘కృష్ణవిజయం’లో. స్టూడియోల సందడి ఏనాడో అణగిపోయింది గాని, ఊరికి చెవి మాత్రం పోలేదు.

ఈసారి నేను వెళ్ళేసరికి అక్క మనుమరాలు చాపమీద కూర్చుని పాట వల్లె వేస్తున్నది. దానికి పదేళ్ళు. రెండేళ్ళుగా పాట నేర్చుకుంటున్నది. ముందు పెట్టుకున్న నోటుపుస్తకం అరవ లిపిలో ఉంది. అరవంలో త, థ, ద, ధలకు నాలుగింటికీ ఒకటే అక్షరం గదా! అందుకని సంగీత పుస్తకాలలో అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేసి తేడా చూపుతారు. మా పిల్ల తొందరలో అంకెలు వదిలేసి అక్షరాలు మాత్రం ఎక్కించుకున్నది. దానితో ‘దయ’ కాస్తా ‘తయ’ అయి కూర్చుంది.

వంటింట్లోంచి అక్క కేకవేసింది. “తయ గాదే, దయ! నీకు దయ లేదా అని అడగమా, ఆ దయ!”

పిల్ల పాట ఆపి, కళ్ళు పెద్దవి చేసుకుని, “అవ్వా, ఇది పాటలో మాట. నీకెట్లా తెలుసు?” అన్నది.

“మన మాట నాకు తెలియకపోవడమేందే?”

“మన మాటా? ఇది పాట భాష అనుకుంటిని!”

అక్క నవ్వింది. నేనూ నవ్వాను. కాని తరువాత చాలాసేపు ఆ మాట నన్ను వదలలేదు. ఇంట్లో పొద్దున లేచింది మొదలు తెలుగే మాట్లాడే పిల్ల, తెలుగు కీర్తన నేర్చుకుంటూ, అదేదో పాటకోసం పుట్టిన వేరే భాష అనుకున్నది. తప్పు పిల్లది కాదు. మా ఇళ్ళలో తెలుగు నాలుకమీద ఉంది గాని కంటికి ఆనదు. అక్కకు చదవడం రాదు. నేను ముప్పై దాటిన తరువాత బాలశిక్ష పెట్టుకుని నేర్చుకున్నాను. నేర్చుకున్నానే గాని ఇంకొకరికి నేర్పలేదు. ఈ మాసపత్రికను మా రెండు కుటుంబాలలో చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ సాయంకాలం పిల్లను వెంటబెట్టుకుని భవన్ కచేరీకి వెళ్ళాము. పాడినది తమిళ విద్వాంసురాలు. మంచి పాఠం, నిదానమైన పాట. ప్రధానమైన కీర్తనలో నెరవలు ఎత్తుకున్నది. ఒకే చరణపు పాదాన్ని పదిరకాలుగా తిప్పి తిప్పి పాడడమే నెరవలు గదా. మాటలు పదేపదే వినబడేసరికి మా పిల్ల నా చేయి పట్టుకుని గట్టిగానే, “తాతా, ఇది అవ్వ మాట!” అన్నది.

పక్క కుర్చీలోని పెద్దమనిషి మావైపు తిరిగాడు. తిడతాడేమో అనుకున్నాను. ఆయన అరవంలో మెల్లిగా, “మీరు తెలుగువారా? ముప్పై ఏళ్ళుగా ఈ కీర్తన వింటున్నాను. ఆ పాదానికి అర్థం ఏమిటో చెప్పగలరా?” అని అడిగాడు.

చెప్పబోయి తడబడ్డాను. విడివిడిగా ప్రతి మాటా తెలుసు. కలిపి ఏమంటున్నాడో నేనెన్నడూ ఆలోచించలేదు. ఏదో సగం చెప్పాను. ఆయనకు ఆ రాగం, తాళం, ఎవరి బాణీ ఎట్లా ఉంటుందో అంతా కంఠస్థం. మనకు మాట పుట్టుకతో వచ్చింది. అయినా పాట ఇద్దరికీ సగమే అందింది. ఆయన సగానికి ఆయన కష్టపడ్డాడు; నా సగానికి నేను కష్టపడలేదు. తేడా అంతే.

వేసవి సెలవులకు అక్కనూ పిల్లనూ మధురకు తీసుకువచ్చాను. మీనాక్షమ్మ గుడిలో ఉత్తరపు ఆడివీధిలో సంగీత స్తంభాలు చూపించాను. ఒకే రాతిలో ఇరవైరెండు సన్నని కంబాలు తొలిచి, ఒక్కొక్కటి ఒక్కొక్క స్వరం పలికేటట్టు చేశారు శిల్పులు. అక్కడే నిలబడి పిల్లకు శ్యామశాస్త్రిగారి సంగతి చెప్పాను. ఆయన 1762లో తిరువారూరులో పుట్టాడు. తమిళ కుటుంబం. తంజావూరులో కామాక్షిని కొలిచినవాడు. ఈ మీనాక్షమ్మమీద నవరత్నమాలిక అని కృతులు కట్టాడు. ఆహిరి, ఆనందభైరవి, ధన్యాసి వంటి రాగాలలో బిడ్డ తల్లిని బతిమాలుకున్నట్టు ఉంటాయి. అవి తెలుగు కృతులు.

“అరవంవాళ్ళు తెలుగులో ఎందుకు పాడినారు తాతా?”

తంజావూరులోనూ మధురలోనూ నాయకరాజులు తెలుగును కొలువుకెక్కించారని, మధురను 1706 నుంచి 1732 వరకు ఏలిన విజయరంగ చొక్కనాథుడు తానే తెలుగులో శ్రీరంగ మాహాత్మ్యం వ్రాశాడని, ఆ అలవాటు రాజుల తరువాత కూడా పాటలో నిలిచిందని చెప్పాను. 1736తో ఇక్కడ నాయకరాజ్యం పోయింది. పాట పోలేదు. త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనలలో మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగే.

గుడినుంచి హనుమంతరాయన్ కోవెల వీధికి నడిచాము. 1916లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు పుట్టిన ఊరు మధుర. వీణ షణ్ముఖవడివుగారి కూతురుగా ఆమె పెరిగింది ఈ వీధిలోనే. తమిళ ఇంటి బిడ్డ. తరువాతి కాలంలో తిరుపతి దేవస్థానంవారికోసం అన్నమాచార్య సంకీర్తనలు పాడి తెలుగు ఇంటింటా తెల్లవారుజామున వినబడింది. మధుర మణి అయ్యరు, మధుర సోము, శేషగోపాలన్ వంటివారి పేర్లు ఈ ఊరితో ముడిపడినవే. ఇప్పుడు మధురలో కచేరీ అంటే తల్లాకుళంవైపు లక్ష్మీసుందరం హాలు, రాజా ముత్తయ్య మండ్రం. సద్గురు సంగీత సమాజంవారు ఏళ్ళ తరబడి ఆ దీపం ఆరకుండా చూస్తున్నారు.

మన పిల్లలకు తప్పక చెప్పవలసిన సంగతులు రెండున్నాయి. త్యాగరాజస్వామి శిష్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతారు సౌరాష్ట్రుడు. గురువుగారి కృతులు ఆయనా ఆయన కుమారుడూ వ్రాసి దాచిన ప్రతులు మధురలో సౌరాష్ట్ర సభవారి దగ్గరకు చేరాయి. రెండవది, మధురకు దక్షిణాన ఎట్టయాపురంలో 1904లో అచ్చయిన సుబ్బరామ దీక్షితులవారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. దీక్షితుల వంశపు సొత్తంతా స్వరాలతో సహా అందులో ఉంది. ఆ మహాగ్రంథం అచ్చయినది తెలుగు లిపిలో. ఖర్చు పెట్టినది తెలుగు మూలం గల ఎట్టయాపురం జమీందారులు. చెన్నపట్నం విద్వాంసులు ఆ పుస్తకంకోసమే తెలుగు అక్షరాలు నేర్చుకున్న సందర్భాలున్నాయి. పాటకోసం పరాయివారు నేర్చిన అక్షరాలు మన ఇంటి పిల్లకు రాకపోవడం ఎంత తలవంపు!

ఆ వేసవిలో కొత్త నోటుపుస్తకం కొన్నాము. కుడిపేజీలో పిల్ల అరవ లిపిలో కీర్తన వ్రాస్తుంది, ఈసారి అంకెలతో సహా. ఎడమపేజీలో నేను తెలుగులో వ్రాసి దిద్దిస్తాను. రోజుకు ఒక పాదం, దాని అర్థం. నాకు తెలియని అర్థాలు నిఘంటువులో చూసుకున్నాను. నాలుగో రోజునుంచి డెబ్బై ఏళ్ళ మా అక్క కూడా వచ్చి పక్కన కూర్చున్నది. “దానికి వస్తే నాకు రాదా?” అన్నది. పిల్ల తిరిగి వెళ్ళేనాటికి మూడు కీర్తనలయ్యాయి. మొత్తం అక్షరాలు ఇంకా రాలేదు. ఒత్తులు చూస్తే ఇద్దరికీ భయమే.

మన సంఘంవారు పండుగలకు పిల్లలచేత పాటలు పాడిస్తూనే ఉన్నారు. పాడించే ముందు ఆ పాట ఏమంటున్నదో ఇంట్లో అవ్వలచేత చెప్పించండి. మీ ఊరి సభలో కచేరీ ఉన్ననాడు పిల్లలను వెంటబెట్టుకుని ముందు వరుసలో కూర్చోండి. పక్కవారు అర్థం అడిగితే చెప్పడానికి మనం అక్కడ ఉండాలి గదా.

ఈ వ్యాసం అచ్చయి వస్తే కోయంబత్తూరుకు ఒక ప్రతి పంపుతాను. ఈసారి చదివి వినిపించడానికి నేను వెళ్ళను. తడుముకుంటూ అయినా సరే, వాళ్ళిద్దరే కూడబలుక్కుని చదువుకుంటామని అక్క ఫోనులో ఒట్టు పెట్టింది.