మందు రెండుసార్లు పడితే

మా క్యాంపులో పెరిగినవాళ్ళకి తాతయ్య తుపాకి గుర్తుండే ఉంటుంది. తుంగభద్ర కాలవ నీళ్ళొచ్చాక గోదావరి జిల్లా నుంచి సింధనూరు వైపు వచ్చి వరి వేసిన తరం ఆయనది. చేలమీద పడే అడవిపందుల్ని బెదరగొట్టడానికి లైసెన్సు మీద తీసుకున్న తుపాకి అది. మూతిలోంచి మందు పోసి, గుడ్డపీలిక, సీసపు గుండు పెట్టి ఇనప కడ్డీతో కూరేవారు.

ఆ కడ్డీ మీద ఆకురాయితో గీసిన రెండు గీతలుండేవి. గొట్టం ఖాళీగా ఉంటే కడ్డీ పై గీత దాకా దిగుతుంది. మందు కూరి ఉంటే కింది గీత దగ్గరే ఆగిపోతుంది. అక్కడిదాకా కూడా దిగకపోతే రెండుసార్లు కూరారన్నమాట. "మందేసింది మీకు గుర్తుండదా తాతయ్యా?" అని అడిగాను ఓసారి. "గుర్తుని నమ్మితే వేళ్ళు పోతాయిరా, గీతని నమ్ము" అన్నారు.

ఈ మాట మళ్ళీ గుర్తొచ్చింది ఒహాయోలో. ఆఫీసు పని మీద మూడు నెలలు వెళ్ళి పెద్దక్క ఇంట్లో ఉన్నాను. బావగారు ఆ దేశపు పౌరుడై చాలా ఏళ్ళయింది. రైఫిలు గురి సాధన ఆయన సరదా. గ్యారేజిలో బల్ల వేసుకుని తూటాలు తనే నింపుకుంటారు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు చెయ్యడం నేరం. అక్కడ సొంత వాడకానికి చేసుకోవచ్చు. నాది తాత్కాలిక వీసా కాబట్టి ఏదీ ముట్టుకోవద్దని ముందే చెప్పారు. నా పని చూడ్డమే. పదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేస్తున్నవాణ్ణి, చూడ్డం నాకు బాగానే వచ్చు.

ఆయన రైఫిలు థర్టీ ఆట్ సిక్స్, అంటే 1906లో అమెరికా సైన్యం తీసుకున్న తూటా కొలత. దాని ఇత్తడి గొట్టంలో మామూలుగా నెమ్మదిగా కాలే మందు సుమారు 50 గ్రెయిన్లు పడుతుంది. బావగారు మాత్రం పిస్టలుకి వాడే, తొందరగా కాలే మందు పదో పన్నెండో గ్రెయిన్లే వేస్తారు. 1898 నుంచి అమ్ముడవుతున్న బుల్స్‌ఐ లాంటివి ఈ జాతి మందులే.

"ఎందుకంత తక్కువ బావగారూ?" అన్నాను.

"గుండు చూడు బామ్మర్దీ. రాగి తొడుగు లేదు, ఉత్త సీసం. నేనే కరిగించి అచ్చులో పోసింది. మరీ వేగంగా తోస్తే గొట్టం లోపల సీసం పూసుకుపోతుంది. వేగం సగం చాలు. నెమ్మది మందు కొంచెమే వేస్తే సరిగా అంటుకోదు. ఇదైతే కొంచెమైనా పూర్తిగా కాలిపోతుంది. భుజం నొప్పీ ఉండదు."

లెక్క కూడా చెప్పారు. పౌనుకి 7,000 గ్రెయిన్లు. యాభై చొప్పున 140 తూటాలొస్తే, పది చొప్పున 700 వస్తాయి. మన రైతుబిడ్డ బుద్ధి ఎక్కడికి పోతుంది!

కానీ నా కళ్ళు గొట్టం లోపలే ఉన్నాయి. యాభై పట్టే గొట్టంలో పది పోస్తే అడుగున ఎక్కడో ఉంటుంది. పొరపాటున రెండోసారి పోసినా పొర్లదు. మందు రెట్టింపయితే ఒత్తిడి రెట్టింపుతో ఆగదు, రైఫిలే పగలొచ్చు, మొహం పక్కనే. మా భాషలో చెప్పాలంటే ఎర్రర్ మెసేజి రాని బగ్గు అది.

ఒక ఆదివారం పొద్దున చెక్కపలక గుంటల్లో యాభై గొట్టాలు నిలబెట్టి వరసగా మందు పోస్తున్నారు. గంగావతి నుంచి ఫోనొచ్చింది. అత్తయ్యగారికి బీపీ ఎక్కువై ఆసుపత్రికి తీసుకెళ్ళారట. ఇరవై నిమిషాలు మాట్లాడి, పరవాలేదని తెలిశాక వచ్చి కూచుని మళ్ళీ పొయ్యడం మొదలుపెట్టారు.

"ఎక్కడ ఆపారో ఎలా తెలుసు?" అన్నాను.

"గుర్తుందిలే" అన్నారు.

నాకు తాతయ్య కడ్డీ కళ్ళముందు కనబడింది. ఆ కథ చెప్పి, "అన్నీ తూచి చూద్దాం" అన్నాను. కొంచెం చిరాకుపడ్డారు. టార్చి వేసి చూస్తే అన్నింట్లోనూ అడుగున అదే నల్లటి పొడి. సరేనని ఒక్కో గొట్టంలో మందూ తక్కెడలో పోస్తూ వచ్చారు. మొదటి ముప్ఫైలో తేడా లేదు. ముప్ఫై ఒకటోది సరిగ్గా రెట్టింపు తూగింది.

బావగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మొదటి మాట "అక్కకి చెప్పకు". మళ్ళీ ఆయనే ఆ రాత్రి అక్కకి చెప్పేశారు. ఇప్పుడిది రాయమన్నదీ ఆయనే.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చారు. ఖాళీ గొట్టాలన్నీ బోర్లించి పెడతారు. ఒకటి తీసి మందు పోసి, లోపల చూసి, వెంటనే గుండు బిగించేస్తారు. తర్వాతే రెండోది. గుండు కూచున్న గొట్టంలో రెండోసారి పొయ్యలేరు కదా. ఫోను ఇంట్లోనే వదిలి వస్తారు.

కన్నడ బళ్ళో మాస్టారు "మద్దు" అంటే ఔషధమూ, తుపాకి మందూ రెండూనని చెప్పారు. మన "మందు" కూడా అంతే. రెండింటికీ డోసే ప్రాణం. వేసుకున్నామో లేదో అన్న అనుమానంతో రెండోసారి వేసుకునే బీపీ మాత్రకీ ఇదే వర్తిస్తుంది. అత్తయ్యగారికి ఇప్పుడు రోజుకో గడి ఉన్న మాత్రల డబ్బా కొనిపెట్టాం.

తాతయ్య పోయాక తుపాకి ఠాణాలో అప్పగించేశాం. కడ్డీ మాత్రం ఇంట్లోనే ఉండేది, ఇప్పుడు ఎవరి దగ్గరుందో తెలీదు. మీలో ఎవరి అటక మీదైనా కనబడితే తుప్పు వదలగొడుతూ ఆ గీతలు మాత్రం అరగదీయకండి. ఒక ఫోటో పంపండి. ఒహాయో గ్యారేజిలో గోడకి పెట్టుకుంటానని బావగారు అడుగుతున్నారు.