ఆటయు విద్యయే

ఆటలాడు బిడ్డ చెడునని మన నెల్లూరు మండలమున నిప్పటికిని పెద్దలు పలుకుచుందురు. జపానుదేశ యాత్రలో టోక్యోనగరమందలి జాయ్‌పోలిసను క్రీడామందిరమును జూచినప్పు డీమాట నాకు దలపునకు వచ్చెను. వీడియో ఆటలకు బేరొందిన సేగా సంస్థ దీనిని 1996లో ఓదైబా దీవిపై నెలకొల్పెను. 1853లో అమెరికా యుద్ధనౌకలు రాగా, నేటి టోక్యోయైన ఎడో నగర రక్షణకై సముద్రమును బూడ్చి ఫిరంగులు నిలుపుటకు గట్టిన దిబ్బలే యీ ప్రాంతమునకు బేరిచ్చినవి. యుద్ధభయమునకు బుట్టినచోట నేడు పిల్లల కేరింతలు వినవచ్చుచున్నవి.

తెరమీద వ్రేలితో నాడు నాటను అచ్చట నొడలెల్ల గదల్చి యాడుదురు. ఒకయాటలో నిరువురు పలకపై నిలిచి, ఉయ్యాలవలె నూగుచు, సమయమెఱిగి పాదములతో దానిని ద్రిప్పవలెను. అయినను నన్నాకర్షించినది యంత్రము గాదు. నడివయసు తల్లులును బడిబాలికలును నిస్సంకోచముగా వరుసలో నిలుచుటయే.

మనకు నాటలు లేవా? వైకుంఠపాళి పుణ్యపాపములను నిచ్చెనలుగను బాములుగను జూపినది; వామనగుంటలు లెక్క నేర్పినవి; పులిజూదము యుక్తిని బెంచినది. కాని మైపాడు తీరమున సాయంకాలము నేను జూచునప్పుడెల్ల బంతియాడువారు మగపిల్లలే. పండ్రెండేండ్లు నిండిన యాడుపిల్ల దూరమున గూర్చుండి తమ్ముని చెప్పులు కాచుచుండును. నా తరగతిలో లెక్కలయందు మొదటిదగు బాలిక యొకనాడు, "అయ్యవారూ, నేను పరుగెత్తి రెండేండ్లయినది" అనెను. ఆమాటకు బదులు ఏ పాఠ్యపుస్తకమునను లేదు.

కోట్లు వెచ్చించి మందిరములు గట్ట నక్కఱలేదు. ఇసుక యున్నది, సాయంకాలమున్నది. తల్లిదండ్రులారా, వారమున కొక్కనాడైనను మీ కుమార్తెల నాడనిండు. తమ్ముని చెప్పులు తమ్ముడే కాచుకొనగలడు.