మా తండ్రిగారి రేడియో, మా వడపోత

బెంగుళూరులో మా యింట మా తండ్రిగారి వాల్వు రేడియో ఒకటి కలదు. తెలుగునాటికి దూరమున పెరిగిన మాకు సిలోను రేడియోవారి తెలుగు పాటలు దాని ద్వారానే చెవినబడినవి. దాని లోపలి మరలను తండ్రిగారు స్వయముగా సరిచేసి, కదలకుండ మైనపు చుక్కలు వేసి యుంచిరి.

ఆ రేడియో ముల్లు సరియైన చోటనే నిలుచుచున్నదా యని చూచుటకై 2023లో మేమొక సిగ్నల్ జనరేటరును ఇంటనే నిర్మించితిమి. సదర్ పత్రప్ప రోడ్డు అంగళ్లలో సామగ్రి కొని, ఎస్ఐ 5351 అను చిప్పుతో దానిని కూర్చితిమి. జనరేటరును 7.2 మెగాహెర్ట్జులకు పెట్టగా, రేడియో 13 మీటర్ల గుర్తు కడ, అనగా 21.6 మెగాహెర్ట్జుల కడ, గట్టిగా పలికెను! జనరేటరు క్రొత్తది, రేడియో ప్రాతది. కావున తప్పు ప్రాతదానిదే యని తలచితిమి. మైనము గీకి మరలు త్రిప్పితిమి. అంతవరకు సరిగానున్న స్టేషనులు సయితము చోటు తప్పెను. తండ్రిగారు చూచి, "కొత్తదాన్ని పరీక్షించావా, నాయనా?" అని మాత్రమే యడిగిరి.

మేము పరీక్షింపలేదు. ఆ చిప్పు నుండి వచ్చునది చతురస్ర తరంగము. అందు మూల పౌనఃపున్యముతో బాటు దానికి మూడు, ఐదు, ఏడు రెట్లుగలవియు కలిసి యుండును. మూడు రెట్లుగల దానికి మూలములో మూడవ వంతు బలముండును. 7.2కు మూడు రెట్లు 21.6. రేడియో నిజమే పలికినది. పై పౌనఃపున్యములను ఆపు లో-పాస్ ఫిల్టరును పెట్టని దోషము మాది.

ఏ ఫిల్టరు పెట్టవలెను? చెబిషెవ్ తరహా హద్దు దాటగానే వేగముగా అణచును గాని, పోనిచ్చుచోట హెచ్చుతగ్గులు చూపును. ఎలిప్టిక్ తరహా ఇంకను వేగమైనది; కాని దాని భాగముల విలువలు మిక్కిలి ఖచ్చితముగా కుదరవలెను. మాది కొలత పని గనుక, సమముగా పోనిచ్చు బటర్‌వర్త్ తరహానే ఎన్నుకొంటిమి. హద్దు 10 మెగాహెర్ట్జులు, రెండు కొసలను 50 ఓములు. అందుకు 1.29 మైక్రోహెన్రీల తీగచుట్టలు రెండు, కొసలను 197, నడుమ 637 పికోఫారడుల కెపాసిటర్లు కావలసివచ్చెను. లెక్కప్రకారము 7.2 కడ నష్టము నూటికి రెండు పాళ్లు మించదు, 21.6 కడ మిగులునది మూలములో సుమారు 140వ వంతు.

అయినను ఒక్క ఫిల్టరు చాలదు. జనరేటరును 3 మెగాహెర్ట్జులకు దించినచో, దాని మూడు రెట్లయిన 9 ఈ హద్దు లోపలనే దూరిపోవును. కావున వేర్వేరు హద్దులతో నాలుగు ఫిల్టర్లు చేసి, స్విచ్చితో మార్చుకొనునట్లు అమర్చితిమి.

పిదప నాలుగు సాయంకాలములు కూర్చుండి మరలను మరల సరిచేసితిమి. ముల్లు తన చోటికి వచ్చినది. తండ్రిగారు మాటాడక లోనికి పోయి, క్రొవ్వొత్తి వెలిగించి తెచ్చి, ఒక్కొక్క మరపై మైనపు చుక్క వేసిరి.