కొవ్వూ, కండా

మన భాషలో కొవ్వన్నా తిట్టే, కండకావరమన్నా తిట్టే. అలాంటిది, యాభై దాటిన నాతో డాక్టరమ్మ, "కొవ్వు తగ్గించి కండ పెంచండి" అన్నారు!

"రాత్రి భోజనం మానెయ్యి వదినా, అదే తగ్గుతుంది" అంది మా ఆడపడుచు. బరువు తగ్గుతుంది, నిజమే. కానీ ఉత్త పస్తులతో కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. అసలే వయసు పైబడేకొద్దీ కండ తనంతట తానే తరిగిపోతుంది. మా అమ్మ డెబ్బయ్యో ఏట పీట మీంచి లేవడానికి ఒకరి చెయ్యి అడిగేది. నా భయమల్లా అదే.

ఇంటిపని చాలదా అంటారా? ఒంటికి అలవాటైన పనితో కండ పెరగదు. బరువు కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. అందుకే వారానికి రెండు రోజులు ఇసుక నింపిన సీసాలు ఎత్తుతాను. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదేసిసార్లు లేస్తాను. మూడు నెలలకి తూకం అరకిలోయే తగ్గింది గాని, బిగుసుకున్న జాకెట్టు వదులైంది. కిలో కొవ్వు కంటే కిలో కండ తక్కువ చోటులో ఇమిడిపోతుంది మరి!

కష్టమల్లా తిండి దగ్గరే. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. కోడిగుడ్డులో ఉండేది 6. అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలే పప్పుతేటతో ఈ లెక్క ఎలా తేలుతుందండీ?

ఇప్పుడు వడ్డనకి ముందే ఓ గిన్నెడు ముద్దపప్పు తీసి పక్కన పెడుతున్నాను.

"ఇదెవరికి?" అన్నారు మావారు.

"నాకే" అన్నాను.