ఏడో దశ తర్వాత...

మనిషి బతుకును ఏడు దశలుగా చెప్పే షేక్‌స్పియర్ పద్యం మనలో చాలామందికి కాలేజీ ఇంగ్లీషు పుస్తకంలోనే పరిచయం. గైడు చూసి బట్టీపట్టడం, పరీక్షలో రాసేసి మర్చిపోవడం... నేనూ అంతే. ఆయన ఊరు చూసొచ్చాకే మళ్లీ పుస్తకం తీశాను.

లండన్‌లో మార్లిబోన్ స్టేషన్‌నుంచి రైల్లో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఊరిపేరు స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్. ఏవన్ నదిలో హంసలు, ఒడ్డున నాటకశాల. చిన్న ఊరు, నడిచే చూసేయొచ్చు. ఆ నడకలోనే పద్యంలోని దశలు ఒక్కొక్కటీ ఎదురొస్తాయి. హెన్లీ వీధిలో 1564లో షేక్‌స్పియర్ పుట్టిన ఇల్లు. గిల్డ్‌హాల్ మేడమీద బడి. అప్పటి హాజరు పట్టీలు మిగల్లేదుగానీ అక్కడే చదివాడని నమ్మకం. ఊరవతల షాటరీలో ఆన్ హాథవే పుట్టిల్లు. 1582లో పెళ్లినాటికి ఆవిడకు ఇరవయ్యారు, మన ప్రేమికుడికి పద్దెనిమిది!

అన్నట్టు, ఏడు దశల లెక్క షేక్‌స్పియర్ కనిపెట్టింది కాదు. అంతకు పద్నాలుగు శతాబ్దాల ముందే టాలెమీ ఏడు గ్రహాలకు ఏడు వయసులు పంచాడు. పసితనం చంద్రుడిది, ముసలితనం శనిది.

పద్యంలో దర్జా వెలగబెట్టే న్యాయాధికారి దగ్గర మాత్రం నాకు ఆయన తండ్రి గుర్తొచ్చాడు. చేతి తొడుగులు కుట్టే జాన్ షేక్‌స్పియర్ 1568లో ఊరిపెద్ద అయ్యాడు, తగవులూ తీర్చాడు. తర్వాత చితికిపోయాడు. అప్పులవాళ్లకు భయపడి చర్చికి రావడంలేదని 1592 నాటి రికార్డు. చనిపోయింది 1601లో. ఈ పద్యం ఉన్న 'యాజ్ యూ లైక్ ఇట్' నాటకం రాసింది 1599-1600 ప్రాంతంలో. కొడుకు కళ్లముందు తండ్రి ఉన్నాడేమో... ఇది నా ఊహ మాత్రమే.

పుస్తకం తీశాక తెలిసింది అసలు సంగతి. ఆర్డెన్ అడవిలో, రాజ్యం పోయిన ప్రభువు భోజనానికి కూర్చుంటాడు. ఆర్లాండో అనే కుర్రాడు కత్తి దూసి వచ్చి తిండి అడుగుతాడు. 'రా, కూర్చుని తిను' అంటాడు ప్రభువు. తనతో ఓ ముసలాయన ఉన్నాడనీ, ఆయన తినందే ముద్ద ముట్టననీ చెప్పి వెనక్కి పరిగెడతాడు కుర్రాడు. అతను తిరిగొచ్చేలోగా, దేన్నీ మెచ్చని జేక్విస్ చెప్పేదే మన పద్యం! చివరి దశలో మనిషికి పళ్లు, చూపు, రుచి... ఏమీ మిగలవని ముగిస్తాడో లేదో, ఆర్లాండో ముసలాయన్ను మోసుకుంటూ వచ్చేస్తాడు. పేరు ఆడమ్. ఎనభైకి దగ్గరపడిన నౌకరు. జీతంలో కూడబెట్టిన అయిదువందల క్రౌన్లూ చినబాబు చేతిలో పోసి, వెంట నడిచొచ్చినవాడు.

ఈ ఆడమ్ వేషం షేక్‌స్పియరే వేసేవాడని పద్దెనిమిదో శతాబ్దంలో ఓ కథ పుట్టింది. రుజువైతే లేదు. ఆ వయసు ఆయన చూడనూ లేదు. 1616లో యాభైరెండేళ్లకే పోయాడు. సమాధి ఏవన్ ఒడ్డున హోలీ ట్రినిటీ చర్చి లోపల ఉంది.

ఇంటికొచ్చాక ఈ సీను నాన్నకు తెలుగులో చెప్పాను. ఏడు దశలూ కళ్లు మూసుకునే విన్నారు. చివర్లో మాత్రం అడిగారు, "ఇంతకీ ఆ పెద్దాయనకు అన్నం పెట్టారా?"

పెట్టారు. కూర్చోబెట్టి మరీ.