పూసిన రంగు, పాడిన గొంతు

వయసు చెల్లినవారికి తమ యౌవనమున చూచిన నాటకమే నాటకము, విన్న పాటయే పాట. నేనును అట్టిదాననే. కళాశాలలో చదువుకొను దినములయందు చూచిన 'వెస్ట్ సైడ్ స్టోరీ' యను అమెరికా సంగీతచిత్రమును మించినది వేఱొకటి లేదని యేబది యేండ్లుగా ఇంటిల్లిపాదికిని చెప్పుచు వచ్చితిని. 2021లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ ఆ కథనే మరల తీసెనని విన్నప్పుడు, పండిన చెట్టును మరల పూయుమనుట యెందులకని పరిహసించితిని. గత వేసవిలో నా మనుమరాలు సెలవులకు వచ్చి, "అమ్మమ్మా, రెండును చూచి పిమ్మట తీర్పు చెప్పుము" అని పట్టుపట్టగా, వరుసగా రెండు సాయంకాలములు కూర్చుండి రెండు చిత్రములను చూచితిమి.

కథ పాతదే. షేక్స్‌పియరు రచించిన రోమియో జూలియట్ల విషాదగాథను న్యూయార్కు వీథులకు తెచ్చి 1957లో నాటకముగా ప్రదర్శించిరి. లియొనార్డ్ బెర్న్‌స్టైన్ సంగీతమును, స్టీఫెన్ సాండ్‌హైమ్ పాటలను సమకూర్చిరి. తెల్లజాతి యువకుల ముఠా యొకటి, ప్యూర్టోరికో ద్వీపమునుండి వలస వచ్చినవారి ముఠా మఱియొకటి; ఆ పగల నడుమ టోనీ, మరియా యను నిరువురి ప్రేమ నలిగిపోవును. రాబర్ట్ వైజ్, జెరోమ్ రాబిన్స్ అనువారలు 1961లో దీనిని చలనచిత్రముగా తీయగా దానికి 10 ఆస్కారు బహుమానములు లభించెను.

మొదటి సాయంకాలము పాత చిత్రము. వ్రేళ్లు చిటికెలు వేయుచు వీథిలో నడచు యువకుల నడక యెచ్చట ముగిసి నృత్యమెచ్చట మొదలయ్యెనో తెలియరాని ఆ తొలి ఘట్టము నన్ను మరల ముగ్ధురాలిని గావించెను. ఇంతలో మనుమరాలు, "అమ్మమ్మా, వీరి ముఖములన్నియు ఒకే మట్టిరంగున నున్నవేమి?" అని యడిగెను. ఇన్ని యేండ్లలో నాకు తట్టని ప్రశ్న యది. మరియా వేషము ధరించిన నాటలీ వుడ్ రష్యానుండి వలస వచ్చినవారి బిడ్డ. ఆమె యన్నగా నటించిన జార్జ్ చకీరిస్ గ్రీకు కుటుంబమువాడు. ప్యూర్టోరికోవారిగా కనబడుటకై వారికి గోధుమరంగు పూసిరి. అంతియకాదు, నిజముగా ప్యూర్టోరికోలో పుట్టిన రీటా మొరేనోకు సయితము అదే రంగు పూసిరి! మావారిలో అన్ని ఛాయలవారును కలరని తాను చెప్పినను వినినవారు లేరని ఆమె తరువాతి కాలమున పలుమాఱులు చెప్పియున్నది.

గొంతు సంగతియు నట్టిదే. నాటలీ వుడ్ పాటలు పాడినది మార్నీ నిక్సన్. చిత్రమున ఆమె పేరు ప్రకటింపబడలేదు. 'మై ఫెయిర్ లేడీ'లో ఆడ్రీ హెప్‌బర్న్ పాటలలో పెక్కింటిని పాడినదియు ఈమెయే. మన తెలుగు చిత్రములందును నటులకు బదులుగా గాయకులు పాడుట చిరకాలముగా నున్నదే కాని, ఘంటసాల, లీల, సుశీల యను పేర్లు ఎఱుగని యిల్లు మనకు లేదు. గొంతు ఎరువిచ్చుట దోషము కాదు; ఎరువిచ్చినవారి పేరు మఱుగుపఱచుట దోషము.

మఱునాడు క్రొత్త చిత్రము. ఇందు ప్యూర్టోరికోవారి పాత్రలను లాటిన్ అమెరికా మూలములు గల నటులే ధరించిరి. మరియాగా నటించిన రేచెల్ జెగ్లర్ తన పాటలను తానే పాడినది. స్పానిష్ మాటలకు క్రింద ఆంగ్లానువాదము వేయక, ఆ భాషను దాని గౌరవముతో నిలిపిరి. లింకన్ సెంటర్ నిర్మాణమునకై శాన్ వాన్ హిల్ అను పేటను కూలగొట్టుచున్న దృశ్యముతో కథ మొదలగును. పాత చిత్రము కూలిపోనున్న ఆ ప్రాంతపు వీథులలోనే కొంత తీయబడినను, ఆ యిండ్లవారేమైరని అడుగలేదు. తొంబదియేండ్లకు చేరువయైన రీటా మొరేనో ఇందు దుకాణము నడుపు వృద్ధురాలుగా కనిపించి, మునుపు ప్రేమికులు పాడిన పాటను తానొక్కతెయే పాడును. ఆమెకు నాడు బహుమానము తెచ్చిన అనీటా పాత్రయే 2022లో అరియానా డిబోజ్‌కును తెచ్చినది.

అట్లని క్రొత్తది అన్నిట మేలని చెప్పజాలను. రాత్రివేళ మేడమీద మొరేనో ఆడిన ఆట ముందు, పట్టపగటి వీథిలోని క్రొత్త యాట నాకు చప్పగానే తోచినది. పాతదానియందు కళ మిన్న. క్రొత్తదానియందు న్యాయము మిన్న. ఈ తీర్పే చెప్పి లేవబోతిని.

అప్పుడు మనుమరాలు మెల్లగా, "వారు నలుపు పూసిరి, నీవు నాకు తెలుపు పూయించితివి గదా, అమ్మమ్మా" అనినది.

నాకు నోట మాట రాలేదు. అంతకు ముందటి యేడు పెండ్లి సంబంధమునకు పంపుటకై దానికి ఛాయాపటము తీయించితిమి. ముఖమునకు దట్టముగా పౌడరు అద్దించినది నేను. చాలక, పటమున రంగు మఱికొంత తేల్చుమని తీయువానికి చెప్పినదియు నేనే. కన్యలు సంతలోని సరకులు కారని స్త్రీ సమాజములలో ఉపన్యసించిన నోటితోనే ఆ మాట చెప్పితిని! ఆ ప్యూర్టోరికో నటి ముఖమును చూడక, తమ తలపులోని ముఖమును ఆమెపై పూసినవారికిని నాకును భేదమేమి? వారు అపరిచితులు; నేను అమ్మమ్మను. నా తప్పే పెద్దది.

ఆ రాత్రియే దానిని క్షమాపణ వేడితిని. మఱునాడు కూటములోని ఆ పటమును తీసివేసి, పెరటిలో ఎండలో నవ్వుచు నిలిచినప్పుడు దాని తమ్ముడు తీసిన పటమును తగిలించితిని. సంబంధములవారికి పంపునదియు ఇక నదియే. మొన్న వచ్చిన చుట్టమొకతె దానిని చూచి, "అయ్యో, పిల్ల ఎండకు కమిలినదా?" అని యడిగినది.

"లేదమ్మా, అది దాని తాతగారి రంగు" అని చెప్పితిని.